గ్రంథాలయ శిల్పి ఆల్వార్ ఆల్టో

గ్రంథాలయమనగా పుస్తకములుండు చోటని మనమందరమును ఎఱుగుదుము. పుస్తకములను గూర్చియు, వానిని వ్రాసినవారిని గూర్చియు, వానిని సేకరించి కాపాడినవారిని గూర్చియు ఇట్టి సంచికలలో వ్యాసములు వచ్చుట ఆచారము. చదువరి కూర్చుండు పీట ఎట్లుండవలెను, అతని పుస్తకముపై వెలుగు ఏ దిక్కునుండి పడవలెను, సభలో వెనుకవరుసనున్నవాడు మాటాడిన మాట ముందున్నవానికి ఎట్లు వినబడవలెను అను విషయములను ఏండ్లతరబడి ఆలోచించిన యొక వాస్తుశిల్పి చరిత్రము గ్రంథాలయ చందాదారులకు ఆసక్తి గొలుపునని తలచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను. ఆయన పేరు ఆల్వార్ ఆల్టో. ఆయన దేశము ఫిన్లాండు.

ఫిన్లాండు ఐరోపా ఖండమున ఉత్తరపు కొసనున్న దేశము. అందలి నేలలో నాలుగింట మూడు వంతులు అడవియే, సరస్సులు వేలకొలది. డిసెంబరు మాసమున ఆ దేశపు దక్షిణ భాగమునందు సైతము పగలు సుమారు ఆరు గంటలు మాత్రమే యుండును. స్వీడన్, నార్వే, డెన్మార్కులను స్కాండినేవియా దేశములందురు. భాషను బట్టి చూచినచో ఫిన్లాండు ఆ కుటుంబములోనిది కాదు. అయినను గృహనిర్మాణ కళను గూర్చి చెప్పునపుడు ఈ నాలుగింటిని కలిపి చెప్పుట వాడుక. ఇరువదవ శతాబ్దమున ఈ దేశములలోని మేటి శిల్పులు పెక్కురు గోడలు లేపి, కప్పు వేసి, చేతులు దులుపుకొన్నవారు కారు. లోపలి కుర్చీ, బల్ల, దీపము, తలుపు పిడి కూడ కట్టడములోని భాగములేయని వారి తలంపు. స్వీడన్ దేశపు గున్నార్ ఆస్ప్లుండ్ 1928లో పూర్తియైన స్టాక్‌హోమ్ నగర గ్రంథాలయమును నిర్మించి, అందలి సామగ్రిని గూడ తీర్చెను. డెన్మార్కు దేశపు ఆర్నె యాకబ్‌సన్ కోపెన్‌హాగెన్‌లో 1960లో తెరచిన పెద్ద హోటలునకు కుర్చీలే గాక భోజనపు చెంచాలను సైతము తానే రూపొందించెను. వీరందరిలో ఆల్టోను ఎన్నుకొనుటకు కారణము ఆయన కట్టిన యొక గ్రంథాలయమే. ఆ కథ ముందు వచ్చును.

ఆల్వార్ ఆల్టో 1898వ సంవత్సరము ఫిబ్రవరి 3వ తేదీన కువొర్తానె అను పల్లెలో జన్మించెను. అప్పటికి ఫిన్లాండు రష్యా చక్రవర్తి ఏలుబడిలో నుండెను. తండ్రి భూములు కొలిచి పటములు గీయు సర్వేయరు. మాతామహుడు అటవీశాస్త్రము నెఱిగినవాడు. తల్లి ఆల్వార్ బాల్యముననే గతించెను. ఆమె చెల్లెలినే తండ్రి వివాహమాడగా, ఆ పినతల్లియే పిల్లలను పెంచినది. వారి యింట ఒక పెద్ద తెల్లని బల్ల యుండెడిది. దానిపై తండ్రియు, ఆయన సహాయకులును ఊళ్ల పటములు గీయుచుండగా పసివాడు దాని క్రింద ఆడుకొనుచుండెను. కొంచెము పెరిగిన పిదప బల్లమీదికెక్కుటకును, కాగితము పెన్సిలు పట్టుటకును అనుమతి లభించినది. ముసలితనమున ఆల్టో ఆ బల్లను తలచుకొని యొక చిన్న వ్యాసము వ్రాసెను. తన వృత్తి అంతయు ఆ బల్లయొద్దనే మొదలైనదని ఆయన భావము.

కుటుంబము 1903లో యువాస్కులా అను పట్టణమునకు మారెను. అచ్చటి పాఠశాలలో చదువు ముగించి, 1916లో ఆల్వార్ హెల్సింకిలోని సాంకేతిక విద్యాలయమున చేరెను. మరుసటి యేడు ఫిన్లాండు స్వాతంత్ర్యము ప్రకటించుకొనెను. 1918లో దేశమున అంతర్యుద్ధము చెలరేగగా విద్యార్థిగానున్న ఆల్టో తెల్ల సేన పక్షమున పోరాడెను. 1921లో పట్టము పొంది, 1923లో యువాస్కులాకే తిరిగివచ్చి కార్యాలయము తెరచెను. ఆ కార్యాలయమునకు ఉద్యోగమునకై వచ్చిన వాస్తుశిల్పిని ఐనో మార్సియో. ఆమె ఆల్టోకంటె నాలుగేండ్లు పెద్దది. 1924లో వారిరువురును వివాహమాడి ఇటలీ యాత్ర చేసిరి. ఇటలీ పట్టణములు, అందలి చౌకులు, కొండమీది యిండ్లు ఆల్టో మనసున జీవితాంతము నిలిచినవి.

ఐనోను గూర్చి ఇచ్చటనే యొక మాట చెప్పవలెను. ఆల్టో పేరిట ప్రసిద్ధికెక్కిన పనులలో ఆమె పాలు చాల కలదు. కుర్చీలు, గాజుపాత్రలు, ఇంటిలోపలి అమరిక మొదలగువానిలో ఏది ఆయనది, ఏది ఆమెది అని విడదీయుట సాధ్యము కాదు. లోకము చాలకాలము భర్త పేరొక్కటియే చెప్పినది. అది న్యాయము కాదు.

1927లో ఆల్టో దంపతులు తుర్కు నగరమునకు తరలిరి. ఆ రోజులలో ఫిన్లాండున పెద్ద కట్టడములకు శిల్పిని పోటీ పెట్టి యెన్నుకొనెడివారు. ఎవరైనను చిత్రపటము గీసి పంపవచ్చును. పేరు ప్రతిష్ఠలు లేని యువకునకు ఇది గొప్ప మేలు. 1927లో వీపురి నగర గ్రంథాలయపు పోటీలోను, 1929లో పైమియో క్షయ చికిత్సాలయపు పోటీలోను ఆల్టో గెలిచెను. మొదట గెలిచిన గ్రంథాలయము వెనుక పూర్తియైనది. వెనుక గెలిచిన చికిత్సాలయము ముందు పూర్తియైనది. కావున చికిత్సాలయమును గూర్చియే ముందు చెప్పెదను.

క్షయకు ఆనాడు మందు లేదు. మంచి గాలి, ఎండ, విశ్రాంతి, బలమైన ఆహారము, ఇవియే చికిత్స. మన మదనపల్లె యొద్ద ఆరోగ్యవరము వెలసినదియు ఆ కాలమునందే గదా. పైమియో చికిత్సాలయమును దేవదారు జాతి వృక్షముల అడవి నడుమ కట్టిరి. అది 1933లో తెరవబడెను. ఆ కట్టడమునకు పూనుకొన్నపుడు ఆల్టో తన్ను తాను అడిగికొన్న ప్రశ్న చాల చిన్నది. గదులన్నియు నిలుచున్న మనిషికై కట్టబడుచున్నవి. నెలలకొలది పరుండియుండు మనిషికి గది యెట్లుండవలెను? తానొకమారు జబ్బుపడి మంచమున నున్నపుడు ఈ ప్రశ్న తోచినదని ఆయన వెనుక చెప్పుకొనెడివాడు.

పరుండినవానికి ఎదుటనుండునది గోడ కాదు, పైకప్పు. కావున పైకప్పునకు కన్ను చెదరని మెత్తని ఆకుపచ్చ రంగు వేయించెను. దీపమును రోగి చూపునకు తగులని చోట నమర్చెను. గదిని వెచ్చచేయు గొట్టముల వేడి తలవైపునకు గాక పాదములవైపునకు వచ్చునట్లు చేసెను. గదికి ఇద్దరు రోగులు; ఒక్కొక్కనికి వేరువేరు చేతులు కడుగు తొట్టి. నీటిధార తొట్టిలో ఏటవాలుగా పడుటవలన చప్పుడు కాదు. ఒకడు లేచి చేతులు కడిగికొన్నను రెండవవాని నిద్ర చెడదు. తలుపు పిడులను వైద్యుల తెల్లకోటు చేతులు తగులుకొనకుండునట్లు లోనికి వంచెను. ఇవన్నియు అల్పవిషయములుగా తోచవచ్చును. మంచము పట్టినవానిని అడిగిచూడుడు.

రోగులు పగలు కూర్చుండుటకు వలసిన కుర్చీ ఇంకొక చిక్కు. ఆ సమయమున జర్మనీ దేశమునుండి ఇనుప గొట్టములను వంచి చేసిన కుర్చీలు వచ్చి కొత్తదనమునకు గుర్తుగా నుండెను. ఆల్టోయు మొదట వానిని ముచ్చటపడి తన యింట వేసికొనెను. పిమ్మట వానిలోని దోషము తెలిసినది. ఇనుము చలికి చల్లబడి మేనికి తగిలినపుడు వణకు పుట్టించును, వెలుగును మెరపించి కంటికి గుచ్చును, చప్పుడును హెచ్చించును. తన దేశమున అడవికి కొదువ లేదు. మన పూర్వులు ఏ జాతి చెట్టు పట్టపై గ్రంథములు వ్రాసికొనిరో ఆ భూర్జ వృక్షజాతి ఫిన్లాండు అడవులలో విరివిగా కలదు. దాని కొయ్య తెల్లనిది, గట్టిది. సన్నని భూర్జ రేకులను జిగురుతో అంటించి, అచ్చున బెట్టి వంచి, రెండు కొసలును చుట్టచుట్టుకొన్న యొక పలకగా చేసి, దానిని రెండు కొయ్యచట్రముల నడుమ ఉయ్యెలవలె నిలిపెను. ఆ పలక స్ప్రింగువలె సాగును. మెత్తలు లేవు గనుక దుమ్ము పట్టదు, తుడుచుట సులభము. వీపు ఆనించు కోణము రోగికి శ్వాస సులభముగా ఆడునట్లు నిర్ణయింపబడినది. పైమియో కుర్చీ అని నేటికిని దానికి పేరు.

ఈ పనులలో ఆల్టోకు కుడిచేయిగా నిలిచినవాడు తుర్కు ప్రాంతపు కొయ్యసామగ్రి కర్మాగార యజమాని ఒట్టో కోర్హొనెన్. పటము గీయుట ఒకటి, కొయ్యను విరుగకుండ వంచుట వేరొకటి. వీరిద్దరును కలిసి చేసిన ప్రయోగములలో ప్రసిద్ధమైనది వంచిన పీటకాలు. వడ్రంగము తెలిసిన చదువరులు దీనిని శ్రద్ధగా గమనింపవలెను. మామూలు పీటకు కాలికొనను సన్నగా చెక్కి, పలకకు తొలిచిన రంధ్రమున దిగగొట్టుదురు. కాలక్రమమున అచ్చటనే వదులగును. ఆల్టో పద్ధతి వేరు. ఒక భూర్జపు కర్రను తీసికొని, దాని పైకొనలో నారవెంట రంపముతో వరుసగా చీలికలు కోయుదురు. ఆ చీలికలలో జిగురు పూసిన సన్నని కొయ్యరేకులను దూర్చి, ఆ భాగమును లంబకోణముగా వంచుదురు. ఆరిన పిదప అది తిరిగి సాగదు. వంగిన భాగమును పలక అడుగున మరలతో బిగించిన చాలును. పలకకు రంధ్రము తొలుచు పనియే లేదు. ఈ కాలికి 1933లో ఆల్టో పేటెంటు హక్కు పొందెను.

ఆ యేటనే ఆ కాళ్లు మూడింటిని ఒక గుండ్రని పలకకు బిగించి ముక్కాలిపీట చేసెను. నేల హెచ్చుతగ్గులుగా నున్నను ముక్కాలిపీట ఊగదన్నది మన పల్లెలలో నెఱుగనివారు లేరు. ఆల్టో పీటలో నున్న విశేషమేమనగా, ఒకదానిపై నొకటి పేర్చిన కాళ్లు మెట్లుచుట్టినట్లు మెలికగా అమరి పదుల పీటలు ఒక మూలలో ఇముడును. సభ జరుగునపుడు పరచుకొని, ముగిసిన పిదప పేర్చుకొనవచ్చును. 1933 నవంబరులో లండను నగరమున ఆ సామగ్రిని ప్రదర్శింపగా గొప్ప ఆదరము లభించినది. సరకు కావలెనని జాబులు వెల్లువగా వచ్చినవి. వ్యాపారపు లెక్కలు ఆల్టోకు సరిపడవు. 1935లో ఐనో, ఆల్వార్‌లును, మైరె గులిక్సెన్ అను కళాభిమానినియు, నిల్స్ గుస్తావ్ హాల్ అను కళావిమర్శకుడును కలిసి ఆర్టెక్ అను సంస్థను స్థాపించిరి. యుద్ధమున హాల్ మరణించిన పిదప 1941 నుండి ఐనోయే దానిని నడిపినది.

ఇక వీపురి గ్రంథాలయము. వీపురి ఫిన్లాండునకు తూర్పు అంచుననున్న పురాతనమైన రేవుపట్టణము. ఆ దేశపు పెద్ద నగరములలో నొకటి. లలుక్కా అను వర్తక కుటుంబము వారు మరణశాసనమున వ్రాసియిచ్చిన ధనముతో అచ్చట గ్రంథాలయము కట్టనెంచిరి. 1927లో ఆల్టో గీసిన పటము పాతకాలపు పద్ధతిది. ఆస్ప్లుండు కట్టిన స్టాక్‌హోమ్ గ్రంథాలయపు ఛాయలు అందు స్పష్టముగా కలవు. స్థలమును గూర్చిన వివాదములు, ఆర్థికమాంద్యము కలిసి పనిని ఏండ్లతరబడి జాగు చేసినవి. కట్టడమును తుదకు నగర ఉద్యానవనమునకు మార్చిరి. ఈ జాగు ఆల్టోకు మేలే చేసినది. ఆయన ప్రతిమారును పటమును మార్చి గీయుచు, అలంకారపు స్తంభములను ఒక్కొక్కటిగా తొలగించుచు, చదువరి యవసరములను ఒక్కొక్కటిగా చేర్చుచు వచ్చెను. 1935లో గ్రంథాలయము తెరవబడునప్పటికి అది మొదటి పటమును ఏ మాత్రమును పోలియుండలేదు.

పఠనమందిరమున గోడలకు కిటికీలు లేవు. వెలుగంతయు పైకప్పునుండియే వచ్చును. కప్పునందు గుండ్రని గవాక్షములు 57 కలవు. ఒక్కొక్కటి దాదాపు ఆరడుగుల వెడల్పు. అవి గరాటి ఆకారమున లోతుగా నుండును. ఆ ప్రాంతమున సూర్యుడు నడివేసవిలో సైతము నడినెత్తికి రాడు. అతడు ఎంత ఎత్తునకు వచ్చునో లెక్కగట్టి, ఎండ సూటిగా లోనికి దిగకుండునట్లు గవాక్షపు లోతును నిర్ణయించిరి. కిరణములు గరాటి గోడలకు తగిలి చెదరి మెత్తని వెలుగై క్రిందికి దిగును. వెలుగు అన్ని వైపులనుండియు వచ్చుటచే పుస్తకముపై చదువరి తలనీడ గాని, చేతినీడ గాని పడదు. రాత్రివేళ దీపముల కాంతిని గోడలకు కొట్టించి, అచ్చటినుండి మరలునట్లు చేసిరి.

గ్రంథాలయాధికారి బల్ల ఎత్తైన చోట నడుమనుండును. పుస్తకముల బీరువాలు కొంత పల్లమున నుండును. ఒక్క మనిషి కూర్చున్న చోటినుండి అంతయు చూడగలడు. పిల్లలకు ఉద్యానవనమువైపున వేరుగా ద్వారము. వార్తాపత్రికలు చదువుకొనువారికి వేరొక ద్వారము. పని మధ్య పావుగంట తీరికతో పత్రిక చూడవచ్చినవాడు పఠనమందిరపు నిశ్శబ్దమును చెడగొట్టనక్కరలేదు; తాను జంకనక్కరయు లేదు. సభామందిరపు కప్పును సన్నని కొయ్యబద్దలతో అలలు లేచినట్లు వంపులు వంపులుగా తీర్చెను. ఫిన్నిష్ భాషలో ఆల్టో అను మాటకు అల యని అర్థము. కాని ఆ వంపులు పేరునకై పెట్టినవి కావు. వేదికమీది వక్త మాటయే గాక, సభలో ఎచ్చట కూర్చున్నవాడు లేచి ప్రశ్న వేసినను అందరికి వినబడవలెననియే ఆ వంపులు. ఆ మందిరమున శ్రోతలు కూర్చుండుటకు వేసినవి మనము చెప్పుకొన్న ముక్కాలిపీటలే.

ఈ సౌఖ్యము వీపురి ప్రజలకు నాలుగేండ్లు మాత్రము దక్కినది. 1939 నవంబరు 30న సోవియట్ సేనలు ఫిన్లాండుపై దండెత్తినవి. 1940 మార్చిలో సంధి జరిగి వీపురి సోవియట్ పరమయ్యెను. 1941లో ఫిన్లాండు దానిని తిరిగి పట్టుకొని, 1944లో మరల పోగొట్టుకొనెను. ఆ ప్రాంతమునుండి నాలుగు లక్షలకు పైబడిన జనులు ఇల్లు వాకిలి వదలి పడమటికి తరలిరి. నగరపు పేరు వీబోర్గ్ అయినది. గ్రంథాలయము ఎవరికిని పట్టక పదేండ్లు పాడుపడియుండెను. వానయు మంచును లోనికి దిగినవి. సభామందిరపు అలల కప్పు నశించినది. సరిహద్దు మూతపడుటచే బయటివారికి నిజము తెలియరాలేదు; ఆ కట్టడము యుద్ధమున నేలమట్టమైనదనియే పాశ్చాత్య దేశములలో పలువురు నమ్మిరి. చావని కట్టడమునకు చావు వ్రాసిపెట్టిరన్నమాట.

యుద్ధకాలమునను, తరువాతను ఆల్టో నిలువనీడ లేనివారికి త్వరగా కట్టదగిన కొయ్యయిండ్ల నమూనాలు తయారుచేసెను. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున కొంతకాలము ఆచార్యుడుగా నుండి, అచ్చటి విద్యార్థులకు నదియొడ్డున వంపుతిరిగిన వసతిగృహము కట్టెను. 1949 జనవరిలో ఐనో మరణించినది. ఇరువదియైదేండ్ల సహచరి పోయిన దుఃఖము ఆయనను చాల క్రుంగదీసెను. 1952లో తన కార్యాలయమునందే పనిచేయుచున్న వాస్తుశిల్పిని ఎలిస్సాను వివాహమాడెను.

ఆ సంవత్సరముననే సాయ్నాత్సాలో అను ద్వీపగ్రామమున ఆయన కట్టిన పంచాయతీ భవనము పూర్తియైనది. సుమారు మూడువేల జనాభాగల ఊరది. ఎఱ్ఱని ఇటుకలతో కట్టిన ఆ చిన్న భవనమున సభామందిరమేగాక ఊరి గ్రంథాలయమును, అంగళ్లును ఇమిడియుండెను. సభామందిరము 17 మీటర్ల ఎత్తు. ఇంత యెత్తేలయని పంచాయతీ సభ్యులు ఖర్చునకు వెనుదీయగా, ఇటలీలోని సియెనా నగర సభామందిరపు ఎత్తును చూపించి, ఈ ఊరిది అంతకంటె ఒక్క మీటరు హెచ్చుండవలెనని ఆల్టో వాదించెనని చెప్పుదురు. పల్లె సభకు మహానగర సభకంటె తక్కువ గౌరవమేలయని ఆయన పట్టుదల కాబోలు.

పిమ్మట కీర్తి తానుగా వచ్చినది. బ్రిటిషు వాస్తుశిల్పుల సంఘము వారు 1957లోను, అమెరికా సంఘము వారు 1963లోను బంగారు పతకములిచ్చిరి. సేయ్నాయొకిలో 1965లోను, రోవానియెమిలోను, అమెరికాలోని మౌంట్ ఏంజెల్ మఠమున 1970లోను ఆయన గ్రంథాలయములు తెరవబడెను. విసనకఱ్ఱవలె విచ్చుకొన్న పఠనమందిరము, పల్లమున పుస్తకములు, పైనుండి దిగు వెలుగు, అంతటిని చూడగల గ్రంథాలయాధికారి బల్ల, వీపురిలో నేర్చిన పాఠములే ఇవన్నియు.

ఆయన చేసినదంతయు సఫలమైనదనుట సత్యము కాదు. 1971లో హెల్సింకిలో తెరచిన ఫిన్లాండియా సభాభవనమునకు ఇటలీ చలువరాతి పలకలు తొడిగించెను. ఇటలీ ఎండకు నిలిచిన రాయి ఫిన్లాండు మంచునకు నిలువలేదు. పలకలు అప్పడములవలె వంగిపోయినవి. 1998, 99 సంవత్సరములలో వానిని తీసి కొత్తవి వేసిరి, అవియు వంగినవి. 2020వ దశకమున మూడవమారు మార్చవలసి వచ్చినది. రోగి చేతులు కడిగికొను చప్పుడును గూడ తలచిన శిల్పి ఇచ్చట ఇటలీ మీది మోజునకు లొంగెననియే నాకు తోచును. మరియొకటి. సామాన్యుని యింటికని చేసిన ముక్కాలిపీట నేడు ధనికుల యింట కళావస్తువైనది. దాని ధర చవుక కాదు.

ఆల్టో 1976 మే 11న హెల్సింకిలో మరణించెను. అప్పటికి ఆయనకు 78 ఏండ్లు. మిగిలిన పనులను ఎలిస్సా పూర్తిచేయుచు వచ్చెను. జర్మనీలోని ఎస్సెన్ నగరపు నాటకశాల 1988లో ముగిసినది.

వీపురి గ్రంథాలయమును సోవియట్ శిల్పులు 1955లో బాగుచేయనారంభించి 1961లో తిరిగి తెరచిరి. ఆనాటినుండి అది మరల గ్రంథాలయముగానే నడిచినది. కాని లోపలి రూపము చాలవరకు మారిపోయెను. సోవియట్ రాజ్యము అంతరించిన తరువాత ఎలిస్సా పూనికతో ఫిన్లాండున యొక పునరుద్ధరణ సంఘమేర్పడి రష్యన్ శిల్పులతో కలిసి పనిచేయ మొదలిడెను. ధనము చాలక పని పలుమారులు నిలిచిపోయినది. 1994లో ఎలిస్సాయు గతించెను. అయినను వదలక, గవాక్షములను ఒక్కొక్కటిగా బాగుచేసి, పాత పటములను ముందు పెట్టుకొని సభామందిరపు అలల కప్పును తిరిగి నిర్మించి, రష్యా ప్రభుత్వము వారిచ్చిన ధనసహాయముతో 2013లో పని ముగించిరి. ఆ కృషికి 2014, 2015 సంవత్సరములలో అంతర్జాతీయ బహుమతులు లభించినవి.

నేడు ఆ గ్రంథాలయమునకు ఆల్వార్ ఆల్టో పేరే కలదు. కట్టించిన ధనము ఒక ఫిన్నిష్ వర్తకునిది. ఆ వెలుగున కూర్చుండి చదువుకొనుచున్నవారు రష్యా దేశపు పిల్లలును, పెద్దలును.